తేదీ రాయని డబ్బాలు

తుపాకీ తూటాకి ఎక్స్‌పైరీ డేట్ ఉంటుందా?

మనవైపు పుట్టి పెరిగినవాళ్ళలో ఎవరికైనా ఈ డౌట్ వచ్చి ఉంటుందంటే నేను నమ్మను. మనకి తూటా అంటే సినిమాలో హీరో ఒంటిచేత్తో పట్టుకునేది, లేదంటే పేపర్లో క్రైమ్ వార్త. దాన్ని ఇంట్లోనే కూర్చుని, కళ్ళజోడు సర్దుకుంటూ ఒక్కొక్కటిగా తయారుచేసి, ఇరవయ్యేళ్ళ తర్వాత కూడా పనికొచ్చేలా దాచిపెట్టుకునే మనుషులు ఉంటారని నాకు టెక్సస్ వచ్చాకే తెలిసింది.

డాలస్ శివార్లలో మేం అద్దెకుండే ఇంటి పక్కనే ఒక పెద్దాయన ఉండేవారు. ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి రిటైరయ్యారు. వాళ్ళ గ్యారేజీలో సగం కారుది, సగం ఆయన బల్లది. ఆ బల్ల మీద పచ్చరంగు వేసిన ఇనప ప్రెస్ ఒకటి, బంగారం కొట్లో ఉండేలాంటి చిన్న త్రాసు, గోడకి ఆనించి వరసగా డబ్బాలు. శనివారం సాయంత్రం నేను చెత్తబుట్ట బయట పెట్టడానికి వెళితే గ్యారేజీ తలుపు ఎత్తి ఉండేది. "రా, కూర్చో" అనేవారు. వెళ్ళి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాణ్ణి. బల్ల మీద ఏదీ ముట్టుకునేవాణ్ణి కాదు. ఎందుకో తర్వాత చెప్తా.

ఆయన చేసే పనిని రీలోడింగ్ అంటారు. తూటాలో నాలుగు భాగాలుంటాయి. బయట కనిపించే ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే చిన్న బిళ్ళ, లోపల మందు, కొసన బుల్లెట్. ఆ బిళ్ళని ప్రైమర్ అంటారు, మందుని పౌడర్ అంటారు. తుపాకీ కాల్చగానే ప్రైమర్ పని అయిపోతుంది, పౌడర్ కాలిపోతుంది, బుల్లెట్ వెళ్ళిపోతుంది. ఇత్తడి మాత్రం మిగులుతుంది. దాన్ని కడిగి ఆరబెట్టి, అచ్చులో నొక్కి పాత కొలతకి తెచ్చి, మిగతా మూడూ కొత్తవి పెడితే మళ్ళీ తూటా తయారు. మనం హార్లిక్స్ సీసా పారేయకుండా పప్పులు పోసుకుంటాం చూడండి, ఆ పొదుపు బుద్ధి ఇందులోనూ కొంచెం ఉంది.

అమెరికాలో సొంత వాడకానికి ఇలా చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. అమ్మే వ్యాపారమైతే కావాలి. మన దగ్గర ఈ ముచ్చటే లేదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడమే నేరం.

కొట్లో దొరికేదానికి ఇంత కష్టం ఎందుకని ఒకరోజు అడిగా. ఆయన రెండు కారణాలు చెప్పారు. ఒకటి, తన రైఫిల్‌కి సరిగ్గా నప్పేలా కొలత తనే పెట్టుకోవచ్చు. రెండోది 2020. కోవిడ్ మొదలైన ఆ ఏడాది జనం ఎగబడి కొనేసరికి తూటాలు దొరకలేదు, ప్రైమర్లయితే అసలు కంటికి కనబడలేదు. దొరికినచోట ధర రెండింతలు, మూడింతలు. మనవాళ్ళు లాక్‌డౌన్‌లో బియ్యం, శానిటైజర్ తెచ్చి ఇల్లు నింపుకున్నారే, అలాగే. ఆ దెబ్బకి ఆయన తనకోసం చేసుకోవడం తగ్గించి, దాచడం మొదలుపెట్టారు. "ఇవి మనవడికి" అనేవారు. రైఫిల్ కూడా వాడికే రాశారు.

దాచడం అనేది వేరే విద్య. ఈ రోజు చేసి రేపు కాల్చే తూటాలో తేడా ఉంటే రేపే బయటపడుతుంది. పక్కన చేసినవాడే ఉంటాడు, ఏం జరిగిందో అడగొచ్చు. ఇరవయ్యేళ్ళ తర్వాత డబ్బా తీసేవాడికి అడగడానికి ఎవరూ ఉండరు.

తూటాకి శత్రువులు మూడు: తడి, వేడి, అమ్మోనియా.

తడి సంగతి మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు. ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే అమ్మ ఎలా అరుస్తుందో గుర్తుందా? అదే లెక్క. రబ్బరు పట్టీ ఉన్న ఇనప డబ్బాలో, సిలికా జెల్ పొట్లం వేసి, గాలి పొడిగా ఉన్న రోజున మూత బిగించాలి. ఉక్కరోజున బిగిస్తే ఆ చెమ్మని కూడా లోపలే దాచినట్టు.

వేడి ఇంకా మొండిది. ఇప్పటి తూటాల్లో వాడే పొగరాని మందు నైట్రోసెల్యులోజ్‌తో చేస్తారు. అది నిదానంగా తనంతట తానే చెడిపోతూ ఉంటుంది. ఆ చెడుని పీల్చుకోవడానికి స్టెబిలైజర్ అనే పదార్థం కలుపుతారు. ఎండకి కాగే అటకల మీద, కార్ల డిక్కీల్లో ఉంచితే ఆ స్టెబిలైజర్ త్వరగా అయిపోతుంది. పాడైన పౌడర్ డబ్బా తెరిస్తే పుల్లటి ఘాటు వాసన, తుప్పు రంగు పొగ, దుమ్ము కనిపిస్తాయి. ఇది చిన్న విషయం కాదు. ఫ్రాన్స్‌లో తులాన్ రేవులో 1907లో ఇయేనా, 1911లో లిబెర్తే అనే రెండు యుద్ధనౌకలు ఉన్నచోటే పేలిపోయాయి. శత్రువు లేడు, యుద్ధం లేదు. నిల్వ ఉంచిన పౌడర్ చెడిపోవడమే కారణమని తేల్చారు.

మూడోది వింటే మీరు ఆశ్చర్యపోతారు, ఎందుకంటే అది మన దేశం కథే. బ్రిటిష్ కాలంలో ఇక్కడి సైన్యం వానాకాలంలో తూటాలని గుర్రపుశాలల్లో భద్రపరిచేది. తర్వాత తీసి చూస్తే ఇత్తడి గొట్టాలు వాటంతటవే పగిలి ఉండేవి. వానాకాలంతో ముడిపడింది కాబట్టి ‘సీజన్ క్రాకింగ్’ అని పేరు పెట్టారు. అసలు గుట్టు 1921లో తేలింది. మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు పరిశోధకులు వివరించారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, ఇత్తడిని సాగదీసి గొట్టం చేసినప్పుడు లోహంలో మిగిలిపోయే ఒత్తిడి, రెండూ కలిసి లోహాన్ని చీల్చేస్తున్నాయి. అందుకే ఇప్పటికీ రీలోడింగ్ చేసేవాళ్ళు అమ్మోనియా ఉన్న పాలిష్‌తో ఇత్తడి తోమరు. తళతళ మెరుస్తుంది, లోపల బలహీనపడుతుంది.

"మెరుపు చూసి నమ్మకు" అని పెద్దాయన అనేవారు. ఆయన నమ్మేది ఒక్కటే, లేబుల్. ప్రతి డబ్బా మీదా కాగితపు టేపు అతికించి పెన్నుతో రాసేవారు: తేదీ, ఏ తుపాకీకి, బుల్లెట్ బరువు, పౌడర్ పేరు, లాట్ నంబరు, ఎన్ని గ్రెయిన్లు, ఏ ప్రైమర్, ఆ ఇత్తడి ఎన్నోసారి వాడుతున్నది. గ్రెయిన్ అంటే 65 మిల్లీగ్రాములు. ఆ కొలతలో కొంచెం తేడా వచ్చినా తుపాకీ లోపల ఒత్తిడి మారిపోతుంది. ఒక రకం పౌడర్ నిదానంగా కాలుతుంది, ఇంకోటి చటుక్కున కాలుతుంది. నిదానం రకానికి చెప్పిన బరువులో చటుక్కు రకం పోస్తే తుపాకీ కాల్చేవాడి మొహం దగ్గరే పగలొచ్చు. అందుకని బల్ల మీద ఒకసారికి ఒకే పౌడర్ డబ్బా. పని అవగానే మిగిలింది దాని సొంత డబ్బాలోకే. వేరే సీసాలోకి మార్చడం ఉండదు. ఇళ్ళల్లో ఎంత పౌడర్ ఉంచొచ్చో కూడా కట్టడి ఉంది. అమెరికాలో అగ్నిప్రమాద జాగ్రత్తలకి పాటించే ఎన్ఎఫ్‌పీఏ ప్రమాణం 20 పౌండ్ల దాకా అసలు డబ్బాల్లోనే ఉంచాలంటుంది, అది దాటితే అంగుళం మందం చెక్కపెట్టె కావాలంటుంది.

లేబుల్ మీద రాసిందంతా మళ్ళీ ఒక నోట్‌బుక్‌లో ఎక్కించేవారు. 1991 నుంచీ అదే అలవాటు. పని అయ్యాక చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కునేవారు. ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది.

ఇక నేనెందుకు ముట్టుకోలేదంటే, నాది హెచ్-1బి. అమెరికా చట్టంలో నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ కలిగి ఉండకూడదు. వేట లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులున్నాయి. అవి లేకుండా దొరికితే 15 ఏళ్ళ దాకా జైలు శిక్ష పడొచ్చు. ఎఫ్-1 మీద వచ్చిన మన స్టూడెంట్లు చాలామంది మొదటి లాంగ్ వీకెండ్‌కే షూటింగ్ రేంజ్‌కి వెళ్ళి అద్దె తుపాకీతో రీల్ చేసి పెడతారు. మినహాయింపు లేనివాళ్ళకి ఆ అద్దె తుపాకీ పట్టుకోవడం కూడా నేరం కిందికే వస్తుంది. లైకులు వస్తాయి నిజమే. వీసా స్టాంపింగ్‌కి వెళ్ళినప్పుడు ఆ రీల్ ఎవరు చూస్తారో చెప్పలేం.

పోయిన జనవరిలో పెద్దాయన నిద్రలోనే కన్నుమూశారు.

మే నెలలో అమ్మ గుంటూరు నుంచి వచ్చింది. వచ్చిన వారానికే కంచె దగ్గర పక్కింటావిడతో స్నేహం కుదిరింది. ఒకరి భాష ఒకరికి రాదు. అమ్మ టమాటా పచ్చడి ఇచ్చేది, ఆవిడ గులాబీ కొమ్మలు ఇచ్చేవారు. ఒకరోజు అమ్మ వచ్చి, "ఒరేయ్, ఆవిడ నీతో ఏదో మాట్లాడాలంటోందిరా. కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వెళ్ళి చూసిరా" అంది.

వెళితే విషయం గ్యారేజీ. జూన్‌లో కూతురు నాలుగేళ్ళ పిల్లాడితో వచ్చి ఇక్కడే ఉండబోతోంది. పెద్ద మనవడు, వేరే కొడుకు కొడుకు, ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడు, తాతయ్య చేసినవన్నీ తనకే కావాలని ఫోన్ చేశాడు. ఆవిడకి కంటిశుక్లం, ఆపరేషన్ ఇంకా కాలేదు. ఆ సన్నటి రాత చదవలేరు. పెద్దాయన షూటింగ్ క్లబ్ స్నేహితుడు ఒకాయన శనివారం వస్తానన్నారు గానీ, ఒక్కరే డబ్బాలు తీయడం, నోట్‌బుక్‌తో సరిచూడడం రెండూ చేయలేరు. "నువ్వు చదివి పెడతావా?" అని అడిగారు.

నా వీసా సంగతి చెప్పా. నేను ఏ డబ్బా పట్టుకోను, కుర్చీలో కూర్చుని నోట్‌బుక్ మాత్రమే చదువుతా అన్నా. "ఆయన ఉన్నప్పుడు కూడా నువ్వు అంతేగా" అని నవ్వారు.

శనివారం పొద్దున తొమ్మిదింటికి మొదలుపెట్టాం. స్నేహితుడు డబ్బా దించి లేబుల్ చదువుతారు, నేను నోట్‌బుక్‌లో ఆ నంబరు వెతికి గట్టిగా చదువుతా. రెండూ కలిస్తే కుడివైపు, కలవకపోతే ఎడమవైపు. పాత డబ్బాలన్నీ చకచకా కలిశాయి. 1998, 2006, 2014. ఆ రాత చూస్తే ముచ్చటేసింది. పోస్టాఫీసు పాసుబుక్‌లో రాసినట్టు గీతకి గీత, అంకెకి అంకె.

లేబుల్ లేనివి తొమ్మిది కాఫీ డబ్బాలు దొరికాయి. లోపల తూటాలు అద్దంలా మెరుస్తున్నాయి. స్నేహితుడు రెండో ఆలోచన లేకుండా ఎడమవైపు పెట్టేశారు. "చేసింది దేవుడైనా సరే, ఏం పోశాడో రాయకపోతే నేను కాల్చను" అన్నారు.

2023 సెప్టెంబరు పేజీకి వచ్చాం. 140వ నంబరు డబ్బా చదివా. దాని కింద గీతలోనే మళ్ళీ 140. తేదీ అదే, బరువు అదే, పౌడర్ పేరు మాత్రం వేరు. రాత కొంచెం పక్కకి ఒరిగింది. పేజీ తిప్పా. అక్టోబరులో గ్రెయిన్ల గడి మూడుచోట్ల ఖాళీ. ఆ తర్వాత పేజీలో ‘పౌడర్’ అని రాసి, పక్కన రెండు చుక్కలు పెట్టి, అక్కడితో ఆగిపోయింది. ఆ కింద పద్నాలుగు డబ్బాల నంబర్లున్నాయి. వివరాలు లేవు.

నేను ఆగాను. ఆవిడ కుర్చీలోంచే, "ఎందుకు ఆపావు?" అని అడిగారు.

ఉన్నదున్నట్టు చదివా. లేనిది లేదని చెప్పా. 140 రెండుసార్లు ఉందని, ఖాళీ గడులు ఎన్నున్నాయో, పెన్ను ఎక్కడ ఆగిందో, అన్నీ. ఇంకోలా చదవడానికి వీల్లేదు, ఆ తూటాలు కాల్చబోయేది ఆవిడ మనవడు.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "ఆ సెప్టెంబరులోనే ఆయన కొట్టు నుంచి ఇంటికి దారి మర్చిపోయారు. కారు తాళాలు తీసేసుకున్నాం. గ్యారేజీ సంగతి మాకెవరికీ తట్టలేదు."

స్నేహితుడు టోపీ తీసి బల్ల మీద పెట్టారు. ఆ ఏడాది ఆయనకీ ఫోన్‌లో చెప్పిందే మళ్ళీ చెప్పేవారట, వయసు కదా అనుకున్నారట.

మూడు దశాబ్దాలకి పైగా తప్పు చేయని చెయ్యి ఎప్పుడు తప్పడం మొదలైందో డాక్టరు కాగితాల్లో సరిగ్గా లేదు. ఈ నోట్‌బుక్‌లో ఉంది. గొప్పతనం ఏంటంటే, ఆయనకి తెలియనప్పుడు తెలిసినట్టు రాయలేదు. గుర్తులేని గడిని ఖాళీగా వదిలేశారు. ఏదో ఒక అంకె వేసేసి ఉంటే మేం ఆ పద్నాలుగు డబ్బాలూ కుడివైపే పెట్టేవాళ్ళం.

ఆవిడ తేల్చి చెప్పారు. 2023 జనవరి నుంచి చేసినవి ఒక్కటి కూడా వద్దు. సెప్టెంబరే కదా, ముందువి బాగానే ఉన్నాయిగా అని స్నేహితుడు అన్నా వినలేదు. "మతిమరుపు ఒక్కరోజులో రాదు" అన్నారు.

పోలీసుల నాన్-ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చేస్తే, ఎలా ప్యాక్ చేసి ఎప్పుడు తేవాలో చెప్పారు. చెత్తబుట్టలో వేయకూడదు, పొయ్యిలో వేయకూడదు. స్నేహితుడు తన ట్రక్కులో తీసుకెళ్ళి అప్పజెప్పి వచ్చారు.

మరుసటి వారం మనవడు వచ్చాడు. మొహం మాడ్చుకునే వచ్చాడు. తాతయ్య చేత్తో చేసినవి పోలీసులకి ఇచ్చేస్తారా అని వాడి బాధ. ఆ బాధ అర్థం చేసుకోదగ్గదే. తాతల నాటి కావడిపెట్టె అమ్మేస్తే మనకి మాత్రం కోపం రాదా? ఆవిడ వాదించలేదు. నోట్‌బుక్ తెరిచి ఆ మూడు పేజీలూ చేతిలో పెట్టారు. వాడు నిలబడే చదివాడు. ‘పౌడర్’ దగ్గర వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత నోట్‌బుక్ మూసి, "ఇది నేను తీసుకోవచ్చా నానమ్మా?" అన్నాడు. ఆ రైఫిల్‌కే చేసిన పాత డబ్బాలు, రాత కలిసినవి పదకొండు మిగిలాయి. అవి, నోట్‌బుక్, అంతే తీసుకెళ్ళాడు. వాటిని కూడా క్లబ్ పెద్దాయన దగ్గర కూర్చుని కొన్ని విప్పి, తూచి చూసుకున్నాకే వాడతానని మాటిచ్చి వెళ్ళాడు.

ఆవిడ నాకూ ఏదైనా ఇవ్వాలనుకున్నారు. ఆయన మొదటిసారి వాడిన ఖాళీ ఇత్తడి గొట్టం ఒకటి, కీచెయిన్‌లా చేయించినది, చేతిలో పెట్టబోయారు. నేను రెండు చేతులూ జోడించి వద్దన్నా. మర్యాద తక్కువగా కాదు. అమెరికా ఫెడరల్ చట్టంలో తూటా అనే మాటకి అర్థం చెప్పినచోట ఖాళీ గొట్టం కూడా ఉంది. అంతదాకా ఎందుకు, ఇండియా వెళ్ళేటప్పుడు అలాంటిది బ్యాగులో మర్చిపోతే ఎయిర్‌పోర్టు స్కానర్‌లో పడుతుంది. లోపల మందుందా లేదా, ఎక్కడిది, ఎందుకు తెచ్చావని సంజాయిషీ చెప్పుకునేలోపు ఫ్లైట్ వెళ్ళిపోతుంది. నిజం తూటా అయితే శంషాబాదైనా ఢిల్లీ అయినా ఆయుధాల చట్టం కింద కేసే. అమెరికా నుంచి గుర్తుగా ఎవరేమిచ్చినా, ఇది మాత్రం తీసుకోకండి.

ఆవిడ అర్థం చేసుకున్నారు. లోపలికెళ్ళి ఆయన బల్ల సొరుగులోంచి సగం వాడిన కాగితపు టేపు చుట్ట, నల్ల పెన్ను తెచ్చి ఇచ్చారు. అవి తీసుకున్నా.

ఇప్పుడవి మా వంటింట్లో ఉన్నాయి. అమ్మ అక్టోబరులో వెళ్ళిపోతుంది. పోయిన ఆదివారం ఇండియన్ స్టోర్‌లో పచ్చి మామిడికాయలు దొరికితే రెండు సీసాల ఆవకాయ పెట్టింది. టేపు ముక్క చింపి ఒక్కోదాని మీద తేదీ రాసింది. రెండో సీసా దగ్గర కాస్త ఆలోచించి, తేదీ కింద ఇంకో లైను చేర్చింది: "దీంట్లో ఉప్పు సరిపోయిందో లేదో అనుమానం. ముందు ఇది తినేయండి."